గుగ్గిలంలో చిక్కిన నుసుమ

గుజరాత్ లిగ్నైట్ గనిలో దొరికిన అంబర్ ముక్క. అందులో 5.4 కోట్ల ఏళ్లనాటి ఓ చిన్న కీటకం. దాని రెక్క మీది జేబు ఒక వింతైతే, భారత ఉపఖండం గురించి దాని బంధువులు చెప్పే సంగతి మరో వింత.

బిలాస్‌పూర్ రైల్వే టౌన్‌లో, కుదుదండ్ కిరాణా కొట్టుకు వెళ్లి గుగ్గిలం కావాలంటే కొట్టువాడు తెల్లబోతాడు. 'రాల్' అంటే చటుక్కున పొట్లం కట్టి ఇస్తాడు. రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా అక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలకు రెండు మాటలూ అలవాటే. నిప్పుల మీద చల్లితే ఇల్లంతా కమ్మేసే ఆ పొగ సాల చెట్టు కార్చిన జిగురుది. సాల ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. బిలాస్‌పూర్ దాటి అచానక్‌మార్ వైపు వెళ్తే అడవిలో ఎక్కువగా కనిపించేది అదే. మన శేషాచలం కొండల్లో పెరిగే జాలారి చెట్టు కూడా దాని దగ్గరి చుట్టమే. గాయపడితే అదీ గుగ్గిలం కారుస్తుంది. ఈ చెట్ల కుటుంబాన్ని వృక్షశాస్త్రజ్ఞులు డిప్టెరోకార్పేసీ అంటారు.

సరిగ్గా ఈ కుటుంబానికే చెందిన చెట్లు 5.4 కోట్ల ఏళ్ల కిందట నేటి గుజరాత్ తీరంలో దట్టమైన అడవిగా ఉండేవి. వాటి బెరడు మీద కారిన జిగురులో ఒకనాడు ఓ చిన్న కీటకం చిక్కుకుంది. జిగురు గడ్డకట్టింది, మట్టిలో కూరుకుపోయింది, కోట్ల ఏళ్లకు అంబర్‌గా మారింది. 2016లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఆ కీటకానికి పేరు పెట్టారు. కాంప్టోప్టెరోహీలియా ఒడోరా. నోరు తిరగని పేరే, కానీ చివరి మాటలో ఒక కథ ఉంది. 'ఒడోరా' అంటే సువాసన గలది అని అర్థం.

అంబర్ అనే మాట వింటే తెలుగువారికి ఆకాశం గుర్తుకొస్తుంది. ఆ అంబరానికీ దీనికీ సంబంధం లేదు. సంస్కృతంలో దీన్ని తృణమణి అన్నారు. బట్టతో రుద్దితే గడ్డిపోచలను లాక్కునే మణి కాబట్టి. నిజానికి ఇది రాయే కాదు, శిలాజంగా మారిన చెట్టు జిగురు. ప్రపంచంలో ఎక్కువ పేరున్నది ఐరోపాలోని బాల్టిక్ సముద్ర తీరపు అంబర్. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' సినిమా పుణ్యాన, అంబర్‌లోని దోమ అనగానే డైనోసార్ రక్తం, డీఎన్ఏ అంటూ జనం ఊహించుకుంటారు. ఆ ఆశ ఇప్పుడు లేదు. 2013లో బ్రిటన్‌లోని మాంచెస్టర్ శాస్త్రవేత్తలు పూర్తిగా అంబర్‌గా మారని జిగురులో, అదీ కొన్ని వేల ఏళ్లలోపు వయసున్న దానిలో చిక్కిన తేనెటీగలను పరీక్షిస్తేనే నమ్మదగ్గ డీఎన్ఏ దొరకలేదు. ఇక కోట్ల ఏళ్లనాటి దాని మాట చెప్పనక్కర్లేదు.

అయితే డీఎన్ఏ లేకపోయినా ఆకారం ఉంది. అది చాలు. మామూలు శిలాజంలో కీటకం ముద్ర మాత్రమే మిగులుతుంది. ప్రాణహిత-గోదావరి లోయలోని కోట సున్నపురాయిలో దొరికిన జురాసిక్ కాలపు కీటకాలు అలాంటివే. రాతి పొరల మధ్య నలిగి, చదునైపోయినవి. అంబర్‌లో కీటకం మూడు కొలతలతో, మీసాల మీది వెంట్రుకలతో సహా ఉంటుంది. నిన్న సాయంత్రం పడి చచ్చినట్టే కనిపిస్తుంది.

ఒడోరాను ఈగ అనాలా, దోమ అనాలా అంటే చిక్కే. శాస్త్రవేత్తల లెక్కలో ఈగ, దోమ, నుసుమ అన్నీ డిప్టెరా అనే ఒకే వర్గం. ఆ మాటకు రెండు రెక్కలవి అని అర్థం. తక్కిన కీటకాలకు నాలుగు రెక్కలుంటే వీటికి రెండే. వెనక జత కుదించుకుపోయి, ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గుబ్బలుగా మారింది. ఈ వర్గంలో ఒడోరా సెరటోపోగోనిడే అనే కుటుంబానిది. ఇంగ్లీషులో బైటింగ్ మిడ్జెస్ అంటారు. తెలుగు పల్లెల్లో సంధ్యవేళ ముఖం చుట్టూ ముసిరే నుసుముల్లో ఇవీ ఉంటాయి. సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవు. దోమతెర కన్నాల్లోంచి కూడా దూరగలవు.

వీటితో తెలుగువారికి రెండు రకాల లావాదేవీలున్నాయి. ఒకటి నష్టం. వానల తర్వాత తెలంగాణ, రాయలసీమ గొర్రెల మందల్లో ప్రబలే నీలి నాలుక వ్యాధిని మోసేది ఈ కుటుంబంలోని క్యూలికాయిడిస్ నుసుములే. రెండోది లాభం. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసే కోకోకు కాయ పట్టాలంటే పూలలో పరాగసంపర్కం జరగాలి. ప్రపంచమంతటా ఆ పని ప్రధానంగా చేసేది ఇదే కుటుంబంలోని ఫోర్సిపోమియా అనే మరో నుసుమ. కోకో పువ్వు చాలా చిన్నది, తేనెటీగకు అందులో చోటు చాలదు. చాక్లెట్ తినేవారు కుట్టే నుసుములను ఎంత తిట్టుకున్నా వాటికి కొంత రుణపడక తప్పదు.

ఇక రెక్క మీది జేబు సంగతి. ఒడోరా రెక్క మీద జేబు ఆకారంలో ఒక క్లిష్టమైన నిర్మాణం ఉంది. అంబర్‌లోని ఆ నమూనాను జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాకె స్టెబ్‌నర్, జెస్ రుస్ట్, పోలండ్‌కు చెందిన నుసుముల నిపుణుడు రిషార్డ్ షాజెవ్‌స్కీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాశాస్త్ర సంస్థకు చెందిన హుకం సింగ్, మరి ముగ్గురు కలిసి అధ్యయనం చేశారు. అలాంటి జేబు ఎక్కడైనా ఉందా అని వెతికితే పోలికలు రెండు చోట్ల దొరికాయి. ఒకటి, కొన్ని చిమ్మట ఈగల రెక్కల మీది మడతలు. చిమ్మట ఈగలంటే ఎవరికీ తెలియనివి కావు. స్నానాల గది గోడ మీద వాలి ఉండే బూడిదరంగు బొచ్చు ఈగలు వాటి జాతివే. రెండోది, సీతాకోకచిలుకలు, చిమ్మటల రెక్కల మీది వాసన గ్రంథులు. అప్పటిదాకా అలాంటి వాసన అవయవాలు వాటికి మాత్రమే ఉన్నాయని అనుకునేవారు.

కీటకాలకు వాసనతో ఏం పని? పత్తి చేలో లింగాకర్షక బుట్టలు కట్టిన రైతును అడిగితే చెబుతాడు. ఆడ చిమ్మట వదిలే వాసన లాంటిదాన్నే ఎరగా పెడితే మగ చిమ్మటలు వచ్చి బుట్టలో పడతాయి. ఈ వాసనలకు ఫెరోమోన్ అని 1959లో పేరు పెట్టారు. అదే ఏడాది జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బుటెనాంట్ తొలిసారిగా ఒక ఫెరోమోన్‌ను గుర్తించి దాని రసాయన స్వరూపం తేల్చాడు. అది పట్టుపురుగు చిమ్మటది. అందుకు ఆయన బృందం లక్షల సంఖ్యలో చిమ్మటలను ఉపయోగించాల్సి వచ్చింది. బిలాస్‌పూర్‌కు పక్కనే ఉన్న చాంపా కోసా పట్టుకు ప్రసిద్ధి. ఆ పట్టునిచ్చే చిమ్మటలోనూ మగది చీకట్లో ఆడదాన్ని వెతుక్కునేది వాసన పట్టుకునే.

ఒడోరా జేబు అలాంటి వాసనను నిలవ చేసి గాలిలోకి వదిలే ఏర్పాటు అయి ఉంటుందని పరిశోధకుల అంచనా. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. వాసన శిలాజం కాదు. అంబర్‌లో దొరికింది జేబు మాత్రమే, అందులోని అత్తరు కాదు. కాబట్టి ఇది పరోక్ష సాక్ష్యమని ఆ పత్రం రాసినవారే ఒప్పుకున్నారు. అయినా దాని విలువ తక్కువేం కాదు. శిలాజాల్లో ఎముక, కాలు, రెక్క దొరుకుతాయి, నడవడిక దొరకదు. 5.4 కోట్ల ఏళ్ల కిందటి ఓ నుసుమ జోడీని ఎలా పిలుచుకునేదో ఊహించడానికి ఒక ఆధారం దొరకడం అరుదు. చిమ్మటలతో ఏ సంబంధమూ లేకుండా నుసుముల్లో ఈ ఏర్పాటు విడిగా పుట్టిందని, వెతికితే ఇతర కీటకాల్లోనూ ఇలాంటివి బయటపడవచ్చని వారు రాశారు.

కొత్త జాతి అని ప్రకటించడం పేరు పెట్టినంత తేలిక కాదు. ముందు అంబర్ ముక్కను అరగదీసి, కీటకం కనిపించేలా నున్నగా చెయ్యాలి. గుజరాత్ అంబర్ బాల్టిక్ అంబర్ అంత గట్టిది కాదు. దాని అణువులు పూర్తిగా పెనవేసుకోలేదు, అందుకే ద్రావకాల్లో తేలిగ్గా కరిగిపోతుంది. ఇది ఒక విధంగా వరం. జిగురును కరిగించి కీటకాన్ని మొత్తంగా బయటికి తియ్యవచ్చు. ఇలాంటి అవకాశం మరే పాత అంబర్‌లోనూ సులువుగా దొరకదు. ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద అసలు పని మొదలవుతుంది. రెక్క ఈనెలు ఎలా చీలాయి, మీసంలో ఏ కణుపు ఎంత పొడవు, కాలి గోళ్లు సమానంగా ఉన్నాయా లేదా అన్నీ కొలిచి, బొమ్మ గీసి, తెలిసిన జాతులన్నిటితో పోల్చాలి. పైనుంచి కనబడని భాగాలను మైక్రో సీటీ స్కాన్‌తో చూడవచ్చు. చివరకు ఒక నమూనాను హోలోటైప్‌గా ప్రకటించాలి. అంటే ఆ పేరును శాశ్వతంగా మోసే నమూనా. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూడాలి.

ఒక నుసుమ కోసం ఇంత శ్రమ ఎందుకంటే, అసలు ప్రశ్న నుసుమ గురించి కాదు. భారత ఉపఖండం గురించి.

మన నేల ఒకప్పుడు గోండ్వానా మహాఖండంలో భాగం. అందులోంచి విడిపోయి, దాదాపు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్‌ను కూడా వదిలేసి, ఒంటరిగా ఉత్తరానికి సాగింది. దారిలో, 6.6 కోట్ల ఏళ్ల కిందట, దక్కన్ లావా ప్రవహించింది. రాజమండ్రి దగ్గర కనిపించే నల్లరాయి కూడా ఆనాటి లావాదే. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొంది. అన్నాళ్లు సముద్రంలో ఒంటరిగా తేలిన నేల మీద మరెక్కడా లేని జీవరాశి పుట్టి ఉండాలి. ఆస్ట్రేలియాలో కంగారూల్లాగా. తర్కం అలాగే చెబుతుంది. దానికి బలమూ ఉంది. 2003లో కేరళ కొండల్లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసైట్ ప్రకటించిన ఊదారంగు కప్ప కుటుంబానికి దగ్గరి చుట్టాలు దేశంలో ఎక్కడా లేవు, దూరంగా హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవుల్లో ఉన్నాయి.

కానీ గుజరాత్ అంబర్ మరో మాట చెబుతోంది. దీన్ని శాస్త్రవేత్తలు కాంబే అంబర్ అంటారు, ఖంభాత్ పాత పేరు మీద. సూరత్ జిల్లాలోని వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో ఇది దొరికింది. 2010లో రుస్ట్, హుకం సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ గ్రిమాల్డి, మన దేశపు పురాజీవ శాస్త్రజ్ఞుడు అశోక్ సాహ్ని తదితరులు దీని మీద తొలి పెద్ద నివేదిక ఇచ్చారు. అప్పటికే 14 వర్గాలు, 55కు పైగా కుటుంబాలు, 100కు పైగా జాతుల కీటకాలు, సాలెపురుగుల వంటివి బయటపడ్డాయి. చీమలు, చెదపురుగులు, తేనెటీగలు అన్నీ ఉన్నాయి. వాటి చుట్టాలు ఎక్కడున్నారని చూస్తే ఉత్తర ఐరోపాలో, ఆస్ట్రేలియా చుట్టుపక్కల, ఉష్ణమండల అమెరికాలో తేలారు. ఒంటరి దీవి లక్షణాలు కనిపించలేదు.

నుసుములతో ఆ సంగతి ఇంకా స్పష్టమైంది. 2017లో స్టెబ్‌నర్, షాజెవ్‌స్కీ, హుకం సింగ్, మరి ఇద్దరు 'ప్లోస్ వన్' పత్రికలో ఈ అంబర్ నుంచే మరో ఐదు కొత్త నుసుములను వర్ణించారు. ఇయోహీలియా ఇండికా, గెడానోహీలియా గెర్డెసోరమ్, ఇంకా మునియెరోహీలియా ప్రజాతిలో మూడు. ఇయోహీలియా, గెడానోహీలియా ప్రజాతులు ఎప్పుడో అంతరించాయి. కానీ వాటి చుట్టాలు బాల్టిక్ అంబర్‌లో ఉన్నాయి. చైనాలోని ఫుషున్ అంబర్‌తోనూ ఈ నుసుములకు బంధుత్వం కనిపించింది. అంటే, ఈ జిగురు కారే నాటికే ఐరోపా, ఆసియా, భారత్‌ల మధ్య కీటకాల రాకపోకలు సాగుతున్నాయి. పత్రం శీర్షికలోనే ఆ మాట రాశారు, ఆనాటి భారత జీవరాశి ఒంటరిది కాదని.

నేల ఇంకా పూర్తిగా తాకకముందే నుసుములు ఎలా దాటాయి? గాలికి కొట్టుకుపోయేంత తేలికైన జీవికి మధ్యలో నాలుగు దీవులుంటే చాలు. ఆనాడు భారత్, ఆసియాల మధ్య సముద్రంలో అగ్నిపర్వతాల దీవుల వరుస ఉండేదని, దాని అవశేషాలే నేటి కోహిస్తాన్, లడఖ్ కొండల్లో ఉన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. బరువైన కప్పకు అది దారి కాకపోవచ్చు. కాబట్టి కప్ప అబద్ధమని, నుసుమ నిజమని కాదు. ఒకే నేల మీద ఇద్దరి చరిత్రలు వేరు.

ఇక నుసుమను పట్టిన చెట్టు చరిత్ర ఇంకోలా ఉంది. సాల కుటుంబం ఎక్కడ పుట్టిందన్న చర్చ చాలాకాలం సాగింది. నేడు ఆ చెట్లు ఎక్కువగా ఉన్నది మలేసియా, ఇండొనేసియా వైపు. 2022లో మహి బన్సల్ తదితరులు 'సైన్స్' పత్రికలో రాసిన పత్రం ప్రకారం ఈ కుటుంబం ఆఫ్రికాలో పుట్టి, భారత్‌కు వచ్చి, ఇక్కణ్నుంచి ఆగ్నేయాసియాకు వెళ్లింది. శిలాజ పుప్పొడి దానికి ఆధారం. అంటే చెట్లు మన నేలను పడవ చేసుకుని ఆసియా చేరాయి. అదే సమయంలో కీటకాలు అటూ ఇటూ తిరిగాయి. కాంబే అడవిలో రెండూ కలిశాయి.

చెట్టు జిగురు కార్చేది మనిషి ధూపం కోసం కాదు, పురుగు మీద యుద్ధం కోసం. 1990ల చివర్లో నాటి మధ్యప్రదేశ్ సాల అడవులను సాల్ బోరర్ అనే పెంకుపురుగు లక్షల చెట్ల లెక్కన తినేసింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు, తొలిచే పిల్లపురుగును జిగురులో ముంచి చంపగలదు. నీరసించిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. అటవీ శాఖ చివరకు సాల దుంగలనే నలగ్గొట్టి ఎరగా పెట్టింది. ఆ రసం వాసనకు పురుగులు గుంపులుగా వచ్చేవి, కూలీలు ఏరి చంపేవారు. వాసనకు ఆశపడి చెట్టు దగ్గరికి వచ్చి, జిగురులో ప్రాణం వదిలే కథ ఆ అడవుల్లో 5 కోట్ల ఏళ్లుగా ఆగలేదన్నమాట.

బిలాస్‌పూర్ స్టేషన్ మీదుగా రాత్రింబవళ్లు బొగ్గు వ్యాగన్లు పోతుంటాయి. దక్షిణ తూర్పు బొగ్గు క్షేత్రాల కేంద్ర కార్యాలయం ఆ ఊళ్లోనే. మరి ఆ బొగ్గులో అంబర్ కీటకాలు దొరకవా? కోర్బా బొగ్గయినా, మన సింగరేణి బొగ్గయినా 25 కోట్ల ఏళ్లకు పైబడినది. అప్పటికి పూలచెట్లే లేవు, ఇక సాల కుటుంబం ఎక్కడిది? గుజరాత్ లిగ్నైట్ వాటితో పోలిస్తే పసిది. అందుకే అందులో జిగురు ఉంది, జిగురులో జీవం ఉంది.

చిక్కల్లా ఆ లిగ్నైట్‌ను తవ్వుతున్నది నుసుముల కోసం కాకపోవడమే. వస్తాన్ లిగ్నైట్ వెళ్లేది సమీపంలోని విద్యుత్ కేంద్రానికి. అంబర్ కూడా ఇంధనమే, చక్కగా మండుతుంది. ఏరి పక్కన పెట్టని ముక్క లిగ్నైట్‌తో పాటే బాయిలర్‌లోకి పోతుంది. గుర్రాలు, ఖడ్గమృగాల వంశానికి మూలం వెతికేవారికి కీలకమైన కాంబేథీరియం ఎముకలు దొరికిందీ వస్తాన్‌లోనే. గని తవ్వకపోతే ఇవేవీ బయటికి వచ్చేవి కావు. తవ్వుతుంటే ఎంతో కొంత పోక తప్పదు. గనికీ, పరిశోధకుడికీ మధ్య ఉన్న ఈ పొత్తు ఎప్పుడూ సమయంతో పందెమే.

అంబర్ దొరికినా దాన్ని చదివేవారు కావాలి. బీర్బల్ సాహ్ని 1946లో పునాది వేసిన లక్నో సంస్థ శిలాజ వృక్షశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధం. కానీ నుసుమ మీసంలో కణుపులు లెక్కపెట్టి జాతి చెప్పగలిగిన నిపుణుడు ప్రపంచం మొత్తం మీద అరుదు. ఒడోరా పత్రంలో ఏడుగురి పేర్లుంటే భారతీయుడిది ఒక్కటే. ఇందులో తప్పు పట్టాల్సింది విదేశీయులను కాదు. జీవుల వర్గీకరణ చదివితే ఉద్యోగం రాదని మన విశ్వవిద్యాలయాల్లో కుర్రవాళ్లకు బాగా తెలుసు.

2017 పత్రంలో ఒక చిన్న జాబితా ఉంది. కాంబే అంబర్‌లో గుర్తించినా జాతి పేరు పెట్టకుండా వదిలేసినవాటిది. మొత్తం ఆరు ప్రజాతులు. అందులో ఒకటి గోదావరి కోకో తోటల్లో పనిచేసే ఫోర్సిపోమియా. ఆ పత్రంలో దాని జాతి పేరు కోసం జాగా ఖాళీగానే ఉంది.